బదిలీ ఏ అంకె దగ్గర ఆగింది?

సెకనుకు 11 మెగాబైట్లు దాటడం లేదు. రెండు సర్వర్ల మధ్య పెద్ద ఫైలు కాపీ అవుతోంది. తెరమీద ఆ అంకె గంట నుంచీ అక్కడక్కడే ఊగుతోంది. ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ ప్రోగ్రాం ఆప్షన్ల జాబితా తెరవడం. కంప్రెషన్ పెట్టి చూస్తారు, తీసి చూస్తారు, వేరే టూల్ దించుకుంటారు. అంకె మాత్రం కదలదు. అసలు సంగతి కేబుల్‌లో ఉంది. 100 మెగాబిట్ల ఈథర్‌నెట్ లింకులో హెడర్ల (ప్యాకెట్ అనే ప్రతి డేటా ముక్కకూ తగిలించే చిరునామా చీటీల) ఖర్చు పోగా ఫైలుకు మిగిలేది దాదాపు అంతే. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. ప్లగ్గులో ఒక్క తీగ సరిగ్గా కూర్చోకపోతే చాలా నెట్‌వర్క్ కార్డులు చడీచప్పుడు లేకుండా కింది వేగానికి దిగిపోతాయి. లైటు మామూలుగానే వెలుగుతుంది, పింగ్ (అవతలి సర్వర్ పలుకుతుందో లేదో చూసే కమాండ్) మామూలుగానే పలుకుతుంది. ఎథ్‌టూల్ కమాండ్‌తో లింకు వేగం అడిగితే మాత్రం 1000 ఉండాల్సిన చోట 100 అని నిజం చెబుతుంది.

బదిలీ సమస్యల్లో ఇలాంటి అంకెలే సాక్షులు. వేగం ఎంత దగ్గర నిలిచిపోయింది, ఎన్ని సెకన్లకు తెగింది, ఎన్ని గిగాబైట్ల దగ్గర ఎర్రర్ వచ్చింది అన్నవి రాసి పెట్టుకుంటే సగం నిర్ధారణ అక్కడే అయిపోతుంది. ‘కాపీ నెమ్మదిగా ఉంది’ అన్న ఫిర్యాదు ‘ఒంట్లో బాగాలేదు’ అన్న మాటలాంటిది. దాన్ని పట్టుకుని మందు రాయలేం. అదే, ప్రతిసారీ సరిగ్గా 4 గిగాబైట్ల దగ్గర ఆగుతోంది అంటే అవతలి డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుందని చూడకుండానే అనుమానించవచ్చు. ఆ ఫైల్ సిస్టంలో ఒక్క ఫైలు అంతకు మించి పెరగలేదు.

ముందు ఒక లెక్క తేల్చుకోవాలి. నెట్‌వర్క్ వాళ్లు బిట్లలో మాట్లాడతారు, కాపీ చేసే ప్రోగ్రాములు బైట్లలో చూపిస్తాయి. 1 గిగాబిట్ లింకు అంటే కాగితం మీద సెకనుకు 125 మెగాబైట్లు, ఆచరణలో 118కి అటూ ఇటూ. ఆ లెక్కన 1 టెరాబైట్ పంపడానికి అన్నీ కలిసొస్తేనే 2 గంటల 20 నిమిషాలు పడుతుంది. 110 మెగాబైట్ల దగ్గర నడుస్తున్న కాపీకి జబ్బేమీ లేదు. అయినా దాన్ని బాగుచేయబోయి పాడుచేసిన సందర్భాలు తక్కువేమీ కావు.

ఆ తర్వాత గొలుసును విడదీయాలి. ఒక డిస్కు చదవాలి, ఒక ప్రాసెసర్ గుప్తీకరించాలి, నెట్‌వర్క్ మోయాలి, అవతలి ప్రాసెసర్ విప్పాలి, అవతలి డిస్కు రాయాలి. ఈ అయిదింటిలో ఏది బలహీనమో దాని వేగమే మొత్తం వేగం. నెట్‌వర్క్‌ను మాత్రమే కొలవడానికి ఐపెర్ఫ్3 ఉంది. అది ఒక సర్వర్ మెమరీ నుంచి మరో సర్వర్ మెమరీకి ఉత్త డేటా పంపుతుంది, డిస్కుల జోలికి పోదు. ఒక దిక్కు కొలిచి ఊరుకోకూడదు, రెండో దిక్కు కూడా కొలవాలి. వెళ్లే దారి, వచ్చే దారి ఒకటే కావాలని లేదు. ఐపెర్ఫ్3 సెకనుకు 940 మెగాబిట్లు చూపిస్తుంటే, ఫైలు మాత్రం సెకనుకు 30 మెగాబైట్లతో నడుస్తుంటే నెట్‌వర్క్ వాళ్లను నిద్రలేపాల్సిన పని లేదు. ప్రోగ్రాముల వాడకం చూపే టాప్ కమాండ్ తెరిచి, గుప్తీకరించి పంపే ఎస్‌ఎస్‌హెచ్ ప్రాసెస్ ఒక కోర్‌ను నూటికి నూరు శాతం తింటోందేమో చూడాలి. ఎన్ని కోర్లున్నా ఒక కనెక్షన్ గుప్తీకరణ ఒక కోర్ మీదే నడుస్తుంది కాబట్టి 32 కోర్ల సర్వర్‌లో ఈ సంగతి మొత్తం వాడకం శాతంలో కనిపించనే కనిపించదు.

లోతైన బావి, చిన్న చేద

రెండు సర్వర్లు ఒకే గదిలో ఉన్నంత కాలం పై లెక్కలు సరిపోతాయి. వేల కిలోమీటర్ల దూరం వచ్చిందంటే కథ మారుతుంది. డేటా వరస తప్పకుండా చేరేలా చూసే నియమావళి టీసీపీ కొంత డేటా పంపి, అందిందన్న కబురు కోసం ఆగుతుంది. కబురు రాకముందు ఎంత పంపవచ్చో దాన్నే విండో అంటారు. బావిలో నీళ్లు ఎన్ని ఉన్నా, చేద చిన్నదై బావి లోతైతే గంటకు తోడగలిగేది కొద్దిగానే. ఇక్కడ చేద విండో, లోతు ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయం.

టీసీపీ మొదటి రూపంలో చేద పరిమాణం 64 కిలోబైట్లు. వెళ్లి రావడానికి 100 మిల్లీసెకన్లు పట్టే దారిలో సెకనుకు పదిసార్లే తోడగలం, అంటే 640 కిలోబైట్లు. అంటే దాదాపు 5 మెగాబిట్లు. లింకు 1 గిగాబిట్ అయినా 10 గిగాబిట్లు అయినా ఇంతే. ఆ దారిని నిండుగా వాడుకోవాలంటే గిగాబిట్ లింకుకు 12.5 మెగాబైట్ల విండో కావాలి. ఈ ఇబ్బందికి 1992లోనే ఆర్‌ఎఫ్‌సీ 1323 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం విండో స్కేలింగ్ (విండోను పెద్దది చేసుకోవడం) అనే మందు ఇచ్చింది. ఇప్పటి లైనక్స్ దాన్ని తనంతట తానే సర్దుకుంటుంది. కాబట్టి ఈ రోజుల్లో 5 మెగాబిట్ల దగ్గర బిగుసుకుపోయిన బదిలీ కనిపిస్తే, మధ్యలో ఏదో పాత ఫైర్‌వాల్ ఆ స్కేలింగ్ ఆప్షన్‌ను ప్యాకెట్లలోంచి చెరిపేస్తోందని మొదట అనుమానించాలి.

చాలామందికి తట్టనిది ఏమిటంటే, ఈ చేద లోపల ఇంకో చేద ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ తన ప్రతి చానెల్‌కు సొంత విండో పెట్టుకుంటుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో అది 2 మెగాబైట్లు. గదిలో ఉన్న సర్వర్ల మధ్య అది అడ్డమే కాదు. 200 మిల్లీసెకన్ల దారిలో మాత్రం సెకనుకు 10 మెగాబైట్ల దగ్గర గోడ కట్టినట్టు నిలబెట్టేస్తుంది. టీసీపీ సెట్టింగులు ఎన్ని మార్చినా ఆ గోడ కదలదు. పిట్స్‌బర్గ్ సూపర్‌కంప్యూటింగ్ సెంటర్ రూపొందించిన హెచ్‌పీఎన్-ఎస్‌ఎస్‌హెచ్ సవరణ ఈ గోడను తొలగించడానికే పుట్టింది. అది వేసే వీలు లేకపోతే పనిని నాలుగైదు ముక్కలుగా విడగొట్టి సమాంతరంగా పంపడం సులువైన దారి. నాలుగు చేదలతో ఒకేసారి తోడటమన్నమాట. గుప్తీకరణ అక్కర్లేని, పూర్తిగా నమ్మదగిన లోపలి నెట్‌వర్క్ అయితే ఆర్‌సింక్‌ను 873 పోర్టు మీద సొంత డీమన్‌గా (వెనక ఎప్పుడూ నడిచే సేవగా) నడపవచ్చు. బయటి ఇంటర్నెట్‌కు ఆ పోర్టు తెరవడం మాత్రం తెలిసి చేసే తప్పు.

దూరానికి తోడు ప్యాకెట్లు పోవడం కూడా ఉంటే పరిస్థితి ఇంకా పాడవుతుంది. 1997లో మాథ్యూ మాథిస్ బృందం ఇచ్చిన సూత్రం ప్రకారం సంప్రదాయ టీసీపీ వేగం, పోయే ప్యాకెట్ల శాతపు వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. 100 మిల్లీసెకన్ల దారిలో పది వేల ప్యాకెట్లకు ఒక్కటి పోయినా, ఒక కనెక్షన్ వేగం 12 నుంచి 14 మెగాబిట్ల దగ్గరికి పడిపోతుంది. పింగ్ వంద సార్లు కొట్టి ‘ఒక్కటీ పోలేదు, లింకు శుభ్రంగా ఉంది’ అని తేల్చేవారు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. పది వేలలో ఒకటి వంద పింగుల్లో కనిపించదు. గూగుల్ 2016లో తెచ్చిన బీబీఆర్ అనే టీసీపీ వేగ నియంత్రణ పద్ధతి ప్యాకెట్ నష్టాన్ని అంత భయంగా చూడదు. ఇలాంటి దారుల్లో పంపే వైపు దాన్ని ఆన్ చేసి చూడటం పనికొస్తుంది.

లాగిన్ అవుతుంది, కాపీ కాదు

ఇంకో రకం లోపం మనిషిని నిజంగా విసిగిస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ చక్కగా అవుతుంది. తేదీ అడిగితే చెబుతుంది. చిన్న ఫోల్డర్‌లో ఫైళ్ల పేర్లు అడిగితే చూపిస్తుంది. వెయ్యి ఫైళ్లున్న ఫోల్డర్ జాబితా అడగ్గానే తెర బిగుసుకుపోతుంది. కాపీ మొదలుపెడితే సున్నా శాతం దగ్గర అలాగే ఉండిపోతుంది. ఎర్రర్ కూడా రాదు. లోపం సర్వర్‌దని ఒకరు, అప్లికేషన్‌దని ఇంకొకరు వాదించుకుంటూ ఉంటారు.

ఇది ప్యాకెట్ సైజు సమస్య. మామూలు ఈథర్‌నెట్ ఒక ప్యాకెట్‌లో 1500 బైట్లు మోస్తుంది. మధ్యలో వీపీఎన్ సొరంగం ఉంటే దాని సొంత హెడర్లు కొంత చోటు తింటాయి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ అయితే మామూలుగా 1420 బైట్లే వదులుతుంది. అంతకన్నా పెద్ద ప్యాకెట్ వచ్చినప్పుడు రౌటర్ ‘ఇది పట్టదు, చిన్నది పంపు’ అని ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాల కబుర్లు మోసే నియమావళి) కబురు వెనక్కి పంపాలి. 1990 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1191 పెట్టిన పద్ధతి అదే. కానీ భద్రత పేరుతో ఐసీఎంపీని మొత్తంగా మూసేసే ఫైర్‌వాల్ నియమం ఎక్కడో ఒకచోట ఉంటుంది. కబురు దారిలోనే చచ్చిపోతుంది. పంపేవాడు అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటాడు. చిన్న ప్యాకెట్లు హాయిగా వెళ్లిపోతాయి కాబట్టి లాగిన్‌కు ఏ ఇబ్బందీ ఉండదు.

పరీక్ష ఒక్క నిమిషం పని. ముక్కలు చేయవద్దనే ఆప్షన్ పెట్టి 1472 బైట్ల పింగ్ కొట్టాలి. దానికి 28 బైట్ల హెడర్లు కలిస్తే సరిగ్గా 1500. జవాబు రాకపోతే తగ్గించుకుంటూ పోవాలి. 1472కి రాని జవాబు 1392కి వచ్చిందంటే దారి వెడల్పు 1420 అని తేలిపోయినట్టే. గదిలోపల 9000 బైట్ల జంబో ఫ్రేములు పెట్టుకున్నవారికి ఆ అంకె 8972. అక్కడ జరిగే తప్పు వేరు: సర్వర్లు రెండింటిలో 9000 పెట్టి, మధ్యనున్న స్విచ్‌ను మరిచిపోవడం. లైనక్స్‌లో టీసీపీ ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) ప్రోబింగ్ ఆన్ చేస్తే కబురు రాకపోయినా అదే తడుముకుంటూ సరైన సైజు కనుక్కుంటుంది. ఊతకర్రలా వాడుకోవచ్చు కానీ అసలు మందు ఐసీఎంపీ నియమాన్ని సరిచేయడమే.

వేగంగా మొదలై చతికిలపడేవి మరో కోవ. లైనక్స్ రాయమన్నదంతా వెంటనే డిస్కుకు రాయదు; మెమరీలో పట్టి ఉంచుకుని తర్వాత దించుతుంది. వాడుకోదగిన మెమరీలో 20 శాతం దాకా అలా పోగుచేసుకోవడం సాధారణ అమరిక. 64 గిగాబైట్ల మెమరీ ఉన్న సర్వర్‌లో మొదటి కొన్ని గిగాబైట్లు గాలిలా వెళ్లిపోతాయి. ఆ పరిమితి దాటగానే డిస్కు అసలు వేగం బయటపడుతుంది. మొదటి రెండు నిమిషాల వేగం చూసి పూర్తయ్యే సమయాన్ని పై అధికారికి చెప్పేయడం అందుకే ప్రమాదం. ఎస్‌ఎస్‌డీల్లోనూ ఇలాంటి వేగవంతమైన చిన్న నిల్వ ఉంటుంది, అది నిండగానే చాలా రకాల వేగం సగానికన్నా కిందికి పోతుంది.

చిన్న ఫైళ్ల సంగతి చెప్పాలంటే, తిరిగే డిస్కు సెకనుకు వంద చోట్లకు మించి పెద్దగా వెతకలేదు. పది లక్షల చిన్న ఫైళ్లకు ఒక్కో వెతుకులాట చొప్పున వేసుకున్నా 2 గంటల 45 నిమిషాలు దాటుతుంది. మొత్తం డేటా 4 గిగాబైట్లే కావచ్చు, నెట్‌వర్క్ ఖాళీగా పడి ఉండవచ్చు. వాటిని టార్‌తో ఒకే ప్రవాహంగా మూటకట్టి పంపితే అవతలి వైపుతో ఫైలు ఫైలుకూ జరిగే సంప్రదింపులు తప్పుతాయి. గమ్యస్థానంలో చోటు ఉన్నా చోటు లేదనే ఎర్రర్ వస్తే, డిస్కులో ఖాళీ చూపే డీఎఫ్ కమాండ్‌ను ఐనోడ్ల (ఫైలుకు ఒకటి చొప్పున పట్టే నమోదుల) లెక్క చూపించమని అడగాలి. చిన్న ఫైళ్లు బైట్లకన్నా ముందు ఐనోడ్లను తినేస్తాయి.

ఆర్‌సింక్ చేసేది, చేస్తుందని అనుకునేది

ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ 1996లో ఆర్‌సింక్‌ను విడుదల చేసినప్పుడు ఇంటర్నెట్ లింకులు నెమ్మదైనవి. ఫైలును ముక్కలుగా విడగొట్టి, ముక్క ముక్కకూ చెక్‌సమ్ (పోల్చడానికి వాడే చిన్న సంఖ్య) కట్టి, మారిన ముక్కలే పంపే తెలివి ఆ అవసరంలోంచి వచ్చింది. ఆ పొదుపు ఊరికే రాదు: పాత ఫైలును అవతలి వైపు, కొత్త ఫైలును ఇవతలి వైపు పూర్తిగా చదవాలి. నెట్‌వర్క్ డిస్కుకన్నా వేగంగా ఉన్నచోట ఈ తెలివి ఎదురు తంతుంది. 10 గిగాబిట్ల లింకు మీద తిరిగే డిస్కుల మధ్య కాపీకి హోల్-ఫైల్ ఆప్షన్ పెట్టి, ఏమీ పోల్చకుండా మొత్తం పంపేయడమే చౌక.

ప్రతి రాత్రీ మారని ఫైళ్లు కూడా మొదటి నుంచీ వెళ్తున్నాయంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఆర్‌సింక్ మొదట చూసేది ఫైలు సైజు, చివరిగా మారిన సమయం. ఆ సమయాన్ని గమ్యస్థానంలో భద్రపరచమని చెప్పకపోతే అక్కడ కాపీ జరిగిన సమయమే పడుతుంది. మర్నాడు రెండూ వేరుగా కనిపిస్తాయి. ఫ్యాట్ డిస్కుల్లో ఇంకో తిరకాసు ఉంది: అవి సమయాన్ని 2 సెకన్ల మెట్లలోనే గుర్తుంచుకుంటాయి కాబట్టి ఒక సెకను తేడాను క్షమించమని మాడిఫై-విండో ఆప్షన్‌తో చెప్పాలి.

పేర్ల తేడా మరీ మాయగా ఉంటుంది. ‘వైద్యం’ అనే పేరున్న ఫైలును తీసుకుంటే, యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా ఎత్వం, దాని కిందికి వేలాడే గుర్తు అని రెండు సంకేతాలుగా విడదీసి రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. మ్యాక్ కంప్యూటర్ల పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టం విడదీసి దాచేది. లైనక్స్ ఇచ్చిన బైట్లు ఇచ్చినట్టే దాచుకుంటుంది. ఒకే ఫైలు రెండుసార్లు కనిపిస్తుంది, లేదా ప్రతిసారీ చెరిగిపోయి మళ్లీ పుడుతుంది. ఆర్‌సింక్‌లోని ఐకాన్వ్ ఆప్షన్ ఈ రెండు రాతల మధ్య దుబాసీ పని చేస్తుంది. పేరు పొడవుకూ హద్దుంది: లైనక్స్ సాధారణ ఫైల్ సిస్టంలలో 255 బైట్లు. తెలుగు సంకేతానికి యూటీఎఫ్-8లో 3 బైట్లు కాబట్టి 85 సంకేతాలతో సరి. విండోస్ 255 వరకు పట్టనిస్తుంది. అక్కడ చక్కగా ఉన్న పొడవాటి తెలుగు పేరు లైనక్స్‌కు చేరేసరికి ఎర్రర్ అవుతుంది.

మధ్యలో తెగిపోయే బదిలీల్లో మౌనానిది పెద్ద పాత్ర. చెక్‌సమ్ ఆప్షన్ పెట్టి 500 గిగాబైట్ల ఒక్క ఫైలును పోల్చమంటే, సెకనుకు 150 మెగాబైట్లు చదివే డిస్కుకు 55 నిమిషాలు పడుతుంది. అంతసేపూ తీగ మీద చప్పుడు ఉండదు. మధ్యలో చిరునామాలు మార్చే నాట్ పరికరానికి అంత ఓపిక లేదు. అమెజాన్ క్లౌడ్ నాట్ గేట్‌వే 350 సెకన్ల మౌనం తర్వాత కనెక్షన్‌ను మరిచిపోతుంది. లైనక్స్ టీసీపీ కీప్‌ఎలైవ్ మొదటి పలకరింపు సాధారణ అమరికలో 7200 సెకన్లకు గానీ రాదు, అప్పటికి పలకరించడానికి అవతల ఎవరూ ఉండరు. ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ సెట్టింగుల్లో సర్వర్‌ఎలైవ్‌ఇంటర్వల్‌ను 60 సెకన్లకు పెడితే సరిపోతుంది. తెగినప్పుడు ఆర్‌సింక్ తన తాత్కాలిక ఫైలును చెరిపేస్తుంది కాబట్టి, పార్షియల్ ఆప్షన్ లేకపోతే 400 గిగాబైట్లు వెళ్లాక తెగినా మళ్లీ మొదటికే. ఆ తాత్కాలిక ఫైలు కోసం గమ్యస్థానంలో అదనంగా ఒక ఫైలు పట్టేంత చోటు ఉండాలి. నిండుకున్న డిస్కుల్లో ఇదే కొంప ముంచుతుంది.

ఆర్‌సింక్ ఎర్రర్ సంఖ్యల్లో 24 వస్తే కంగారు పడనక్కర్లేదు. జాబితా కట్టాక ఏదో ఫైలు మాయమైందని అర్థం. 23 వస్తే లాగ్ పైకి జరిపి చదవాలి, చాలావరకు అనుమతుల గొడవ. 12 అసలు కారణం చెప్పదు, అవతలి వైపు ప్రోగ్రాం చచ్చిపోయిందని మాత్రమే చెబుతుంది. డిస్కు నిండిందా, మెమరీ చాలక కెర్నల్ చంపేసిందా అన్నది అవతలి సర్వర్ లాగ్‌లోనే దొరుకుతుంది. ఇంకో సంగతి: మూలంలో ఒక ఫోల్డర్ చదవడం కుదరకపోతే ఆర్‌సింక్ జాగ్రత్తకు పోయి చెరిపే పనిని మానేస్తుంది. బ్యాకప్ నెలలుగా ఉబ్బుతూ పోతుంటే, లాగ్‌లో ఆ ఒక్క వాక్యం ప్రతి రాత్రీ పడుతూనే ఉండి ఉంటుంది. దీనికి తిరగబడ్డ ప్రమాదం: మూలం డిస్కు మౌంట్ కాకపోతే (సిస్టంకు తగులుకోకపోతే) ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ ఫోల్డర్ చదవడంలో ఏ ఎర్రరూ లేదు కాబట్టి డిలీట్ ఆప్షన్ బ్యాకప్ మొత్తాన్ని నిశ్శబ్దంగా ఊడ్చేస్తుంది. మ్యాక్స్-డిలీట్ పరిమితి పెట్టకుండా ఆటోమేటిక్‌గా నడిపే డిలీట్ ఎవరి సర్వర్‌లో ఉన్నా అది ఇవాళే సరిచేయాల్సిన పని.

విండోస్ వైపు రెండు అంకెలు చాలు. విండోస్ కాపీ కమాండ్ రోబోకాపీ, తెరవలేని ఫైలు ఎదురైతే సాధారణ అమరికలో 30 సెకన్లకోసారి 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది; గుణించి చూస్తే దాదాపు 347 రోజులు. ‘రోబోకాపీ హ్యాంగ్ అయింది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే మూలం. సర్వర్ల మధ్య ఫోల్డర్లను సింక్ చేసే డీఎఫ్‌ఎస్ రెప్లికేషన్‌లో, సాధారణ అమరికలో 60 రోజులకు మించి మిగతావాటికి దూరమైన సర్వర్ తన దగ్గరి డేటా పాతబడ్డదని లెక్కేసి సింక్‌ను తానే ఆపేస్తుంది.

అంతా వెళ్లాక రెండు వైపులా ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ లెక్కించి పోల్చడం ఎందుకంటే, ఆర్‌సింక్ చివర్లో సరిచూసేది తాను అందుకున్న డేటానే గానీ డిస్కు మీద పడ్డదాన్ని మళ్లీ చదివి కాదు. ఆ పోలికలో తేడా వస్తే వెంటనే డిస్కును తిట్టుకోనక్కర్లేదు. పంపుతున్నంతసేపూ మారుతూ ఉన్న డేటాబేస్ ఫైలైతే తేడా రాకపోతేనే ఆశ్చర్యం. మూడు గంటల కాపీలో మొదటి ముక్క మూడు గంటల కిందటిది, చివరి ముక్క ఇప్పటిది. ఆ రెంటినీ కలిపిన ఫైలు ఏ క్షణంలోనూ నిజంగా లేదు. ఎల్‌వీఎం, జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ దేనితోనైనా స్నాప్‌షాట్ (ఆ క్షణపు మారని ప్రతి) తీసి, దాన్ని పంపాలి. జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే రెండు స్నాప్‌షాట్ల మధ్య మారిన బ్లాకులు దానికి ముందే తెలుసు కాబట్టి ఏ చెక్‌సమ్‌నూ పోల్చకుండా వాటినే పంపుతుంది; అందుకునే వైపు ముందుగా ఆ ఆప్షన్ పెట్టి ఉంటే, మధ్యలో తెగినప్పుడు ఒక టోకెన్ దాచిపెడుతుంది, దాన్ని పంపే వైపు ఇస్తే తెగిన చోటి నుంచే మళ్లీ అందుకుంటుంది.